కొండదారి సైకిల్: కొనేది దుకాణంలో, కుదిరేది మన చేతిలో

పారిస్ ఒలింపిక్స్‌లో 2024 జులై 29న ఎలాన్‌కూర్ కొండ మీద పురుషుల క్రాస్ కంట్రీ మౌంటెన్ బైక్ పోటీ జరిగింది. టోక్యోలో బంగారు పతకం గెలిచి వచ్చిన బ్రిటన్ రైడర్ టామ్ పిడ్‌కాక్‌కు సగం దూరంలో ముందు టైరు గాలి దిగిపోయింది. చక్రం మార్పించుకుని మళ్లీ దారిన పడేసరికి అర నిమిషానికి పైగా వెనకబడ్డాడు. ఒక్కొక్కరినీ అందుకుంటూ వచ్చి, ఆఖరి ల్యాపులో ఫ్రాన్స్ రైడర్ విక్టర్ కొరెట్స్కీని దాటి, 9 సెకన్ల తేడాతో గెలిచాడు. లక్షల ఖరీదు చేసే కార్బన్ సైకిల్, ఏళ్ల సాధన, వెంట నిపుణులైన మెకానిక్కులు, ఇవన్నీ ఉన్న పోటీని కూడా తారుమారు చేయబోయింది టైరులోని గాలి.

సైకిల్ కొనబోయేవాళ్లు సాధారణంగా అడిగేవి మూడు: గేర్లెన్ని, బరువెంత, వెల ఎంత. వీటికన్నా ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. నా కాళ్ల పొడవుకు, చేతుల చాపుకు ఈ ఫ్రేము సరిపోతుందా? ఈ టైరు నేను తొక్కే నేలకు పనికొస్తుందా? ముందు ఫోర్కును నా బరువుకు తగ్గట్టు సర్దుకునే వీలుందా? వీటికి జవాబు తెలుసుకుని కొన్న మధ్యరకం సైకిల్, తెలుసుకోకుండా కొన్న ఖరీదైన సైకిల్ కన్నా కొండదారిలో బాగా నడుస్తుంది. దీని వెనక ఉన్న లెక్కలు కష్టమైనవి కావు. వాటిని సరిచూసుకోవడానికి ఒక టేపు, రెండు పంపులు చాలు.

ఎక్కడానికీ దిగడానికీ మధ్య

కొండదారి సైకిళ్లు పుట్టింది దిగడం కోసం. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మరిన్ కౌంటీ కొండల్లో, కొందరు యువకులు రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన బరువైన పాత సైకిళ్లను బాగుచేసుకుని మట్టిదారుల్లో కిందికి దూకించేవారు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి. ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర ఒక నిటారు దారిలో దిగేసరికి, ఆ బ్రేకు ఉండే వెనక చక్రం హబ్‌లోని గ్రీజు వేడికి కాలి పొగ అయిపోయేది. ప్రతిసారీ హబ్ విప్పి గ్రీజు మళ్లీ నింపాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి ‘రీప్యాక్’ అన్న పేరు స్థిరపడింది. అక్కడ 1976 అక్టోబరు 21న తొలి పోటీ జరిగింది. మరుసటి ఏడాది జో బ్రీజ్ ఈ పనికోసమే కొత్తగా ఫ్రేము కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి క్రాస్ కంట్రీ పతకాల పోటీ అయింది.

అయితే క్రాస్ కంట్రీలో దిగడంతో పాటు ఎక్కడం కూడా ఉంది, ఎక్కువ సమయం పట్టేది అదే. ఎక్కడానికి పనికొచ్చే గుణాలు దిగేటప్పుడు అడ్డొస్తాయి. ఎక్కేటప్పుడు తేలికైన ఫ్రేము, సన్నని టైరు, కదలని ఫోర్కు కావాలి. దిగేటప్పుడు గట్టి ఫ్రేము, వెడల్పు టైరు, కుంగే ఫోర్కు కావాలి. సస్పెన్షన్ కుంగగలిగిన నిడివిని ‘ట్రావెల్’ అంటారు. డౌన్‌హిల్ సైకిళ్లకు అది 200 మిల్లీమీటర్ల దాకా ఉంటే, క్రాస్ కంట్రీ సైకిళ్లకు 100 నుంచి 120. ఈ రెండు పనుల మధ్య మనకు అనువైన చోటు వెతుక్కోవడమే సైకిల్ ఎంపిక.

పెద్ద చక్రం ఎందుకు గెలిచింది

తొలి తరం మౌంటెన్ బైకులన్నీ 26 అంగుళాల చక్రాలవే. ఇప్పుడు క్రాస్ కంట్రీలో దాదాపు అందరూ వాడేది 29 అంగుళాలది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో చెక్ రైడర్ యారోస్లావ్ కుల్హావీ 29 అంగుళాల చక్రాలున్న ఫుల్ సస్పెన్షన్ సైకిల్ మీద, 27.5 అంగుళాల చక్రాల మీదున్న స్విస్ రైడర్ నీనో షుర్టర్‌ను చివరి మలుపుల్లో దాటి గెలిచాడు.

కారణం జ్యామితిలో ఉంది. దారిలో 8 సెంటీమీటర్ల ఎత్తున్న రాయి ఉందనుకోండి. చక్రం దాన్ని తాకే చోటు, చక్రం నేలకు ఆనే చోటు, ఈ రెంటినీ ఇరుసుతో కలిపితే మధ్యలో ఏర్పడే కోణం 26 అంగుళాల చక్రానికి సుమారు 40 డిగ్రీలు, 29 అంగుళాల చక్రానికి 38.5 డిగ్రీలు. ఆ కోణం తగ్గేకొద్దీ రాయి చక్రాన్ని వెనక్కి నెట్టే బలం తగ్గి, పైకి లేపే బలం పెరుగుతుంది. తేడా రెండు డిగ్రీలు కూడా లేదు. కానీ రాళ్ల దారిలో గంటసేపు తొక్కితే ఆ చిన్న లాభం వేలసార్లు దక్కుతుంది. పెద్ద చక్రం చిన్న గుంతల్లోకి అంతగా దిగిపోదు కూడా.

దీనికి చెల్లించే మూల్యం బరువు, ఇరుకు మలుపుల్లో కాస్త మందకొడితనం. బాగా పొట్టివాళ్లకు 29 అంగుళాల చక్రంతో హ్యాండిల్ మరీ ఎత్తులోకి వస్తుంది. చిన్న సైజు ఫ్రేములను కొన్ని కంపెనీలు 27.5 అంగుళాల చక్రాలతో ఇచ్చేది అందుకే.

ఒంటి కొలత ముందు, సైకిల్ కొలత తర్వాత

ఫ్రేము సైజును చాలామంది సీటు కింది గొట్టం పొడవును బట్టి చూస్తారు. సీటు ఎత్తు ఎలాగూ మార్చుకోవచ్చు, కాబట్టి ఆ కొలత అంతగా పనికిరాదు. చూడాల్సింది ‘రీచ్’: పెడళ్ల ఇరుసు మీదుగా నిలువు గీత గీస్తే, ఆ గీత నుంచి హ్యాండిల్ కింద ఉండే హెడ్ ట్యూబ్ పైఅంచు దాకా అడ్డంగా ఉన్న దూరం. పెడళ్ల మీద నిలబడి దిగేటప్పుడు ఒంటికి దక్కే చోటు అదే. అది చాలకపోతే బరువంతా ముందు చక్రం మీద పడుతుంది. మరీ ఎక్కువైతే చేతులు బిగుసుకుపోయి ముందు చక్రం తేలిపోతుంది. కంపెనీలు తమ కొలతల పట్టికలో సాధారణంగా దీన్ని ఇస్తాయి. రెండు సైజుల మధ్య తేల్చుకోలేకపోతే ఆ రెంటినీ నిలబడి తొక్కి చూడండి.

సీటు ఎత్తుకు ఒక పాత సూత్రం ఉంది. చెప్పులు విప్పి గోడకు ఆనుకుని నిలబడి, ఒక లావుపాటి పుస్తకాన్ని కాళ్ల మధ్య సీటు ఆనినంత గట్టిగా పైకి నొక్కిపెట్టి, దాని పైఅంచు నుంచి నేల దాకా కొలవాలి. ఆ కొలతను 0.883తో గుణిస్తే పెడళ్ల ఇరుసు నడిమి నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం వస్తుంది. కాలి కొలత 80 సెంటీమీటర్లైతే సీటు 70.6 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. టూర్ ద ఫ్రాన్స్ విజేత గ్రెగ్ లెమాండ్ ద్వారా ప్రచారంలోకి వచ్చిన లెక్క ఇది. రోడ్డు సైకిళ్ల కోసం పుట్టిన ఈ లెక్కకు మట్టిదారిలో అర సెంటీమీటరో సెంటీమీటరో తగ్గించుకుంటే ఒళ్లు కదిలించడానికి వీలుంటుంది.

తొక్కుతున్నప్పుడు పెడల్ అడుగుకు చేరేసరికి మోకాలు కాస్త వంగి ఉండాలి, 25 నుంచి 35 డిగ్రీల మధ్య. మోకాలి ముందు భాగంలో నొప్పి వస్తుంటే సీటు తక్కువ ఎత్తులో ఉందేమో చూడండి. మోకాలి వెనక లాగుతుంటే ఎత్తు ఎక్కువైందేమో చూడండి. కొత్తగా తొక్కేవాళ్లలో ఎక్కువమంది కాలు నేలకు ఆనాలని సీటు బాగా దించేస్తారు. ఆ అలవాటు వల్ల తొడ కండరాలు పూర్తిగా చాచుకోలేక త్వరగా అలిసిపోతాయి. కొండ దిగేటప్పుడు సీటు నిజంగానే అడ్డొస్తుంది. అందుకోసం హ్యాండిల్ మీది మీట నొక్కితే సీటు కిందికి దిగే ‘డ్రాపర్ పోస్టు’ వచ్చింది. ఇప్పుడు ప్రపంచ స్థాయి క్రాస్ కంట్రీ పోటీదారులు కూడా దాన్ని వాడుతున్నారు.

ఫ్రేములో ఇంకొక కోణం గమనించాలి. ముందు ఫోర్కు నేలతో చేసే కోణం 1990లలో 71 డిగ్రీల దాకా ఉండేది. ఇప్పటి క్రాస్ కంట్రీ సైకిళ్లలో 66 నుంచి 68 మధ్య ఉంటోంది. ఫోర్కు ముందుకు వాలేకొద్దీ ముందు చక్రం ఒంటికి దూరంగా జరుగుతుంది. నిటారు దిగుడులో సైకిల్ ముందుకు పల్టీ కొట్టే ప్రమాదం తగ్గుతుంది, వేగంలో హ్యాండిల్ నిలకడగా ఉంటుంది.

కిలో బరువు విలువెంత

సస్పెన్షన్ ముందు మాత్రమే ఉంటే హార్డ్‌టెయిల్, రెండు చక్రాలకూ ఉంటే ఫుల్ సస్పెన్షన్. రెండోది రాళ్ల మీద వెనక చక్రాన్ని నేలకు అంటిపెట్టి ఉంచుతుంది, నడుముకు సుఖం. కానీ ఖరీదెక్కువ, బేరింగులు, షాకు అంటూ సర్వీసు పని కూడా ఎక్కువ. తక్కువ వెలకు దొరికే ఫుల్ సస్పెన్షన్ సైకిళ్లలో స్ప్రింగులకు అదుపు ఉండదు. తొక్కిన బలంలో కొంత ఆ ఊగుడుకే పోతుంది. అదే డబ్బుకు మంచి అల్యూమినియం హార్డ్‌టెయిల్ తీసుకోవడం మొదటిసారి కొనేవాళ్లకు మేలు.

ఇక కార్బన్ మాట. దాని ఆకర్షణ ప్రధానంగా బరువు తగ్గడంలో ఉంది. ఒక కిలోను 300 మీటర్ల ఎత్తుకు మోయడానికి కావలసిన శక్తి సుమారు 2,940 జౌళ్లు. పెడళ్ల మీద 150 వాట్లు పెట్టగలిగే మనిషికి అది 20 సెకన్ల పని. పోటీదారుడికి ఆ 20 సెకన్లు ప్రాణం. వారాంతంలో సరదాగా తొక్కే మనిషికి ఆ 20 సెకన్ల కోసం అంత డబ్బు పెట్టాల్సిన అవసరం లేదు. టైరు నేలకు సరిపడకపోతే ఒక్క ఎక్కుడులోనే అంతకు మించి నష్టపోతాం.

అన్నిటికన్నా చవకైన భాగం: గాలి

టైరులో గాలి ఎంత గట్టిగా ఉంటే సైకిల్ అంత తేలిగ్గా పోతుందని మనకు చిన్నప్పటి నుంచి నమ్మకం. నున్నటి తారురోడ్డు మీద ఒక హద్దు దాకా అది నిజమే. మట్టిదారిలో లెక్క మారుతుంది. గట్టి టైరు ప్రతి గులకరాయికీ ఎగిరిపడుతుంది. ముందుకు పోవాల్సిన శక్తి సైకిల్‌నూ మనిషినీ పైకి లేపడానికి ఖర్చవుతుంది. కాస్త మెత్తగా ఉన్న టైరు రాయి ఆకారానికి తగ్గట్టు నొక్కుకుని దాన్ని మింగేస్తుంది.

పట్టు సంగతి కూడా లెక్క కట్టవచ్చు. మనిషి, సైకిల్ కలిపి 83 కిలోలు, అందులో 50 కిలోలు వెనక చక్రం మీద పడుతున్నాయనుకుందాం. టైరు నేలకు ఆనే వైశాల్యం, దాని మీది బరువును గాలి ఒత్తిడితో భాగిస్తే వచ్చినంత ఉంటుంది. 40 పీఎస్ఐ దగ్గర అది సుమారు 18 చదరపు సెంటీమీటర్లు, 22 పీఎస్ఐ దగ్గర 32. తెలంగాణలో, రాయలసీమలో గట్టి నేల మీద గ్రానైటు అరిగి ఏర్పడ్డ మొరం పలచగా పరుచుకుని ఉండే దారులు చాలా ఉన్నాయి. అక్కడ ఆ తేడా కాలికే తెలుస్తుంది. గట్టి టైరు ఎక్కుడులో గిర్రున తిరిగి ఆగిపోతుంది, మెత్తని టైరు పట్టుకుని ఎక్కేస్తుంది.

అయితే ట్యూబు ఉన్న టైరులో గాలి తగ్గిస్తే ఒక ప్రమాదం ఉంది. రాయి తగిలినప్పుడు టైరు రిమ్ దాకా నొక్కుకుని, మధ్యలో ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్ పద్ధతి దీనికి విరుగుడు. గాలి చొరని టేపు వేసిన రిమ్, దానికి బిగుతుగా కూర్చునే టైరు, లోపల రబ్బరు పాలతో చేసిన సీలెంట్ అనే ద్రవం, ఇంతే దాని సామగ్రి.

మన నేలల్లో ట్యూబ్‌లెస్ అవసరం ఇంకొకటి ఉంది: ముళ్లు. సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరుకాయలు లేని డొంకదారి మన దగ్గర అరుదు. పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకి నిలిచే ఉంటుంది, అమెరికా ఎడారి ప్రాంతాల్లో సైకిల్ తొక్కేవాళ్లకు కూడా అదే పెద్ద బెడద. ట్యూబ్‌లెస్ టైరులో అది దిగినప్పుడు ఏం జరుగుతుందో దగ్గరగా చూడదగ్గది. ముల్లు పీకగానే సుయ్యిమని గాలితో పాటు తెల్లటి పాలు చిమ్ముతాయి. చక్రాన్ని తిప్పి ఆ చిల్లు కిందికి వచ్చేలా ఉంచితే ద్రవం అక్కడికి చేరుతుంది. చిమ్మడం బుడగలుగా మారుతుంది, కాసేపటికి బుడగలూ ఆగుతాయి. రబ్బరు కణాలు గాలి ఒరవడికి చిల్లులో పోగుపడి గడ్డకట్టడమే ఇక్కడ జరిగే పని. ఒకటో రెండో పీఎస్ఐ తగ్గితే పంపు కొట్టుకుని బయల్దేరవచ్చు. మన ఎండలకు ఈ ద్రవం త్వరగా ఆరిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి ఎంత మిగిలిందో చూసి నింపాలి.

70 కిలోల మనిషికి, 29 అంగుళాల చక్రానికి, 2.25 నుంచి 2.35 అంగుళాల వెడల్పున్న ట్యూబ్‌లెస్ టైరుకు ముందు 20 నుంచి 22, వెనక 22 నుంచి 25 పీఎస్ఐతో మొదలుపెట్టవచ్చు. ట్యూబు ఉంటే ఇంకో ఐదారు కలపాలి. తర్వాత తెలిసిన దారిలో ఒక్కో పీఎస్ఐ తగ్గిస్తూ తొక్కి చూడండి. రిమ్ రాయికి తగిలిన చప్పుడు వచ్చినా, మలుపులో టైరు పక్కకు జారుతున్నట్టు అనిపించినా రెండు పీఎస్ఐ పెంచి అక్కడ ఆపండి. వీధి చివరి పంక్చర్ షాపులో వేలితో నొక్కి చూసే పద్ధతి దీనికి చాలదు. ఈ సైకిళ్ల సన్నని వాల్వుకు అక్కడి పంపు నేరుగా పట్టకపోవచ్చు కూడా. మీటరున్న పంపు ఒకటి ఇంట్లో ఉండాలి, ఎప్పుడూ దానితోనే కొలవాలి.

టైరు మీది బుడిపెల సంగతి నేలను బట్టి చూడాలి. గట్టి నేలకు పొట్టి బుడిపెలు దగ్గరదగ్గరగా ఉన్నవి వేగంగా పోతాయి. నల్లరేగడి తడిసిందంటే ఆ సందులన్నీ మట్టితో నిండి టైరు నున్నగా అయిపోతుంది. అక్కడ పొడవాటి బుడిపెలు దూరదూరంగా ఉన్నవి నయం. రేగడి బాగా తడిసిన రోజు ఏ టైరూ పనిచేయదు, మట్టి ఫోర్కుకు పట్టేసి చక్రమే తిరగదు.

ఫోర్కుకు మన బరువు చెప్పడం

నులక మంచం మీద కూర్చోగానే అది కాస్త కుంగినట్టు, సైకిల్ ఎక్కగానే ఫోర్కు కొంత కుంగాలి. దాన్ని ‘సాగ్’ అంటారు. ఆ కుంగుడు ఉంటేనే దారిలో గుంత వచ్చినప్పుడు ఫోర్కు కిందికి చాచుకుని చక్రాన్ని నేలకు ఆన్చి ఉంచుతుంది. క్రాస్ కంట్రీకి మొత్తం ట్రావెల్‌లో 15 నుంచి 20 శాతం సాగ్ సరిపోతుంది. 120 మిల్లీమీటర్ల ఫోర్కైతే 18 నుంచి 24 మిల్లీమీటర్లు.

కొలవడం ఇలా. నున్నగా మెరిసే ఫోర్కు కాలు మీద ఒక రబ్బరు రింగు ఉంటుంది. లేకపోతే సన్నని ప్లాస్టిక్ టై ఒకటి వదులుగా కట్టుకోవచ్చు. ఫోర్కు కుంగకుండా బిగించే లాకౌట్ ఉంటే తీసేసి ఉంచండి. హెల్మెట్, బూట్లు, నీళ్ల సీసా, అన్నీ దారిలో ఉన్నట్టే ఉండాలి. గోడ పట్టుకుని పెడళ్ల మీద నిలబడి, రింగును ఫోర్కు కాలు లోపలికి దిగే చోటున్న సీలు దాకా జరిపించి, ఊపు లేకుండా నెమ్మదిగా దిగండి. రింగుకూ సీలుకూ మధ్య దూరాన్ని స్కేలుతో కొలవండి. ఎక్కువ కుంగితే షాక్ పంపుతో ఐదు పీఎస్ఐ చొప్పున పెంచుతూ మళ్లీ కొలవండి, తక్కువ కుంగితే తగ్గించండి. టైరు పంపు ఇక్కడ వాడకూడదు. ఫోర్కు గదిలో గాలి చాలా కొద్దిగా, ఎక్కువ ఒత్తిడితో ఉంటుంది. చిన్న మోతాదుల్లో కొట్టగలిగే పంపే కావాలి.

తర్వాత చూడాల్సింది రీబౌండ్: కుంగిన ఫోర్కు ఎంత త్వరగా పైకి లేస్తుందన్నది. లోపల నూనె సన్నని రంధ్రాల గుండా పోతూ ఆ వేగాన్ని అదుపుచేస్తుంది. ఫోర్కు కాలి అడుగున ఉండే చిన్న మీట ఆ దారిని వెడల్పో ఇరుకో చేస్తుంది. పేవ్‌మెంటు అంచు మీంచి కూర్చునే దిగి చూడండి. ఫోర్కు కుంగి, లేచి, ఒకేసారికి నిలిస్తే సరిగ్గా ఉన్నట్టు. రెండు మూడుసార్లు ఊగితే రీబౌండ్ మరీ వేగంగా ఉంది. జిగటగా నెమ్మదిగా లేస్తే మరీ మందంగా ఉంది. వరస రాళ్లు వచ్చినప్పుడు ఒకదాని నుంచి తేరుకోకముందే ఇంకొకటి తగిలి ఫోర్కు కుంగుతూనే పోతుంది.

గాలితో సర్దుకునే వీలులేని స్ప్రింగు ఫోర్కు 50 కిలోల మనిషికీ 90 కిలోల మనిషికీ ఒకేలా ఉంటుంది. కొనేటప్పుడు గాలి ఫోర్కుకు ఇంకాస్త డబ్బు పెట్టడం వృథా కాదని చెప్పేది ఈ కారణంతోనే.

గేర్ల లెక్క, బ్రేకుల పని

‘21 గేర్లు’ అన్న స్టిక్కరు చూసి 12 గేర్ల సైకిల్‌ను తక్కువగా అంచనా వేయకండి. మామూలు 21 గేర్ల సైకిల్లో అన్నిటికన్నా తేలికైన గేరు ముందు 24 పళ్లు, వెనక 28 పళ్లు. 26 అంగుళాల చక్రంతో పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిల్ సుమారు 1.77 మీటర్లు కదులుతుంది. ముందు ఒకే 32 పళ్ల చక్రం, వెనక 10 నుంచి 51 పళ్ల వరస ఉన్న 12 గేర్ల సైకిల్లో, 29 అంగుళాల చక్రంతో కూడా, ఆ దూరం 1.44 మీటర్లే. అంటే నిటారు ఎక్కుడులో గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పోతున్నా కాళ్లు నిమిషానికి దాదాపు 60 చుట్లు హాయిగా తిరుగుతాయి. 21 గేర్లలో చాలా నిష్పత్తులు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, అసలు పరిధి మూడున్నర రెట్లే. ఒంటి పళ్లచక్రంతో అది 5.1 రెట్లు. పైగా ముందు గేరు మార్చే యంత్రమే లేకపోవడంతో చైన్ పడిపోయే తంటా తగ్గింది.

బ్రేకులకు హైడ్రాలిక్ డిస్కులు తీసుకోండి. ఒక వేలితో నొక్కితే చాలు, మిగతా వేళ్లు హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుని ఉంటాయి. కొత్త ప్యాడ్లు మొదటిరోజే పూర్తిగా పట్టవు. ఖాళీ రోడ్డులో వేగం అందుకుని, చక్రం బిగుసుకోకుండా, దాదాపు ఆగేదాకా గట్టిగా బ్రేకు వేయడం పది ఇరవైసార్లు చేస్తే ప్యాడ్ పొర డిస్కుకు సమంగా అంటుకుని పట్టు వస్తుంది. కొన్ని కంపెనీల బ్రేకులు మినరల్ ఆయిల్‌తో, కొన్ని డాట్ ఫ్లూయిడ్‌తో నడుస్తాయి. ఒకదానిలో రెండోది పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడవుతాయి. మన దేశంలో ముందు బ్రేకు సాధారణంగా కుడిచేతికి ఉంటుంది, బయటి నుంచి తెచ్చిన సైకిల్‌కు ఎడమచేతికి ఉండొచ్చు. వేరేవాళ్ల సైకిల్ ఎక్కేముందు ఇది చూసుకోవడం ప్రాణరక్షణ.

డబ్బు ఏ వరసలో పెట్టాలి

ముందు ఒంటికి సరిపోయే ఫ్రేము. అది తప్పితే తర్వాత దిద్దుకోలేం. రెండోది గాలి ఫోర్కు, హైడ్రాలిక్ బ్రేకులు. మూడోది మంచి టైర్లు, ట్యూబ్‌లెస్ సరంజామా, మీటరున్న పంపు, షాక్ పంపు. గేర్లు మధ్యరకం చాలు, అరిగాక మెరుగైనవి వేసుకోవచ్చు. తేలికైన చక్రాలు, కార్బన్ భాగాలు అన్నిటికన్నా చివర.

ఒక చిన్న నోటుబుక్కులో సీటు ఎత్తు, రెండు టైర్ల గాలి, ఫోర్కు గాలి, సాగ్, రీబౌండ్ మీట ఎన్ని టిక్కులు తిప్పారో రాసిపెట్టుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చి, అదే దారిలో మళ్లీ తొక్కండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. ప్రయోగశాలలో పాటించే నియమమే ఇది, ఇక్కడా అంతే కచ్చితంగా పనిచేస్తుంది.

ఎంత గొప్ప కంపెనీ అయినా మీ బరువు, మీ కాలి పొడవు, మీ ఊరి దారి తెలియకుండానే సైకిల్ తయారుచేస్తుంది. ఆ మూడింటినీ సైకిల్‌కు చెప్పగలిగేది తొక్కే మనిషే. ఒక సాయంత్రం వెచ్చించి ఆ పని చేసుకున్నవాళ్లకు, తమ దగ్గరున్న సైకిల్ ఎంత మంచిదో అప్పుడే తెలుస్తుంది.